ఏడో నంబరు బస్సు అంకుల్

జూన్ 12, గురువారం

బడి మొదలైంది. పొద్దున ఆరూ ముప్పావుకే ఖాజాగూడ చెరువు మలుపు దగ్గర నిలబడ్డాం, నేనూ కృష్ణప్రియా. కొత్త బూట్లు, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు, మెడలో టై. టై ముడి నాకు రాదు. ఆయన నిన్ననే వేసి మేకుకు తగిలించి పెడితే పొద్దున పిల్ల తలలోంచి దూర్చాను.

పసుపు బస్సు వచ్చింది. ముందు అద్దం మీద 7 అని పెద్దగా రాసి ఉంది. స్టీరింగు దగ్గర ఆయన, ఇస్త్రీ ఖాకీలో. మాది మొదటి స్టాపు కాబట్టి లోపల ఆయమ్మ లక్ష్మమ్మ తప్ప ఇంకెవరూ లేరు. పిల్ల మెట్టెక్కి, చేయి పైకెత్తి, "గుడ్ మార్నింగ్ అంకుల్" అంది. వాళ్ళ బాపుతో, కన్నతండ్రితో!

ఆయన ముఖం కదలనివ్వకుండా "గుడ్ మార్నింగ్ బేటా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఇంటిదాకా నవ్వుతూనే వచ్చాను.

ఈ నోటుబుక్కు ఆయన తెచ్చిచ్చాడు. పోయినేడు బస్సులో ఎవరో పిల్లలు మర్చిపోయారట, ఏడాదంతా ఎవరూ అడగలేదట. మొదటి మూడు పేజీల్లో తీసివేత లెక్కలున్నాయి. వాటిని చింపబుద్ధి కాలేదు. నాలుగో పేజీ నుంచి నేను రాసుకుంటున్నాను. నేను ఏడో తరగతితో ఆపేశాను. రాయకపోతే ఉన్న నాలుగు అక్షరాలూ పోతాయని భయం. వాళ్ళిద్దరూ వెళ్ళాక, బట్టలారేసి, టీ పెట్టుకుని, ఈ కిటికీ దగ్గర కూర్చుంటే ఎంత బాగుందో. కిటికీలోంచి బండరాళ్ళూ, వాటి వెనక అద్దాల బిల్డింగులూ కనిపిస్తాయి. మాకు సుఖానికేం తక్కువ లేదు.

జూన్ 13, శుక్రవారం

ఈరోజు కూడా అంకుల్ అంది. ఈరోజు కూడా నవ్వాను.

జూన్ 17, మంగళవారం

బస్సెక్కిన ప్రతి పిల్లా డ్రైవర్ అంకుల్‌కీ ఆయమ్మకీ గుడ్ మార్నింగ్ చెప్పాలట. అది బడి రూలు. అందుకే అంటోందనుకున్నాను. కాదు. బాపు అనొద్దని ఆయనే నేర్పాడట. పిల్ల నోరుజారి చెప్పింది.

అన్నం పెడుతూ అడిగాను. "ఎందుకు నేర్పినవ్ గట్ల?"

"మంచికే నేర్పిన."

"ఏం మంచి?"

కంచంలో వేలితో గీతలు గీశాడు. "నా పేరేంది?" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. ఆయన పేరు నేను పలకనని తెలుసు కదా.

"తిరుపతి. మా బడిల ఆ పేరు ఎవ్వలకు తెల్వది. తొమ్మిదేండ్లు సదివిన, తొమ్మిదేండ్లు గొర్లోని కొడుకునే. సార్లు గూడ గట్లనే పిలిచేటోళ్ళు. 'ఒరేయ్ గొర్లోని కొడుకా, లెక్క చెయ్యి.' లెక్క కరెక్టు జేస్తె 'గొర్లను లెక్కవెట్టి అలవాటైందిర' అని నవ్వేటోళ్ళు. తప్పు జేస్తె 'గొర్లకాడికి పో' అనేటోళ్ళు. బాపు అంటే నా బిడ్డ డ్రైవర్ బిడ్డయితది. అంకుల్ అంటే అందర్లెక్క పిల్లయితది. గంతే."

మా ఊరి బడిలోనూ సారు మమ్మల్ని తండ్రి పేరుతోనే పిలిచేవాడు. "ఎల్లేశం బిడ్డా, లే." నాకది తప్పుగా తోచేది కాదు. మా నాయన పేరు వింటే ధైర్యంగా ఉండేది. కానీ మా నాయనకు రెండెకరాలుండేవి, అందుకేనేమో. ఆయన అన్నదే సరైంది. బస్సులో ఎంతసేపు? నలభై నిమిషాలు. పోను నలభై, రాను నలభై. మిగతా రోజంతా బాపే కదా.

జూన్ 19, గురువారం

లక్ష్మమ్మ కలిసింది కూరగాయల బండి దగ్గర. బోరబండ నుంచి రోజూ నాలుగింటికి లేచి వస్తుంది పాపం. నన్ను చూడగానే నవ్వు మొదలుపెట్టింది.

"నీ బిడ్డ ఎంత ఉషారున్నదో ఎరికేనా భూలక్ష్మీ! సాయంత్రం కొండాపూర్ల ఆ పెద్ద గేటు కాడ రసజ్ఞ అని ఒక పిల్ల దిగుతది. ఆ పిల్లది ఆఖరు. గా పిల్ల దిగి, గేటు లోపలికి పొయ్యేదాంక సూస్తది నీ బిడ్డ. ఇగ అటెంక లేచి, ముంగటి సీటుకు ఉరికొచ్చి, 'బాపూ' అంటది. అప్పటిదాంక బాటిల్ మూత తియ్యమన్నా 'అంకుల్ ప్లీజ్' అంటది!"

నేనూ నవ్వాను. తెలివైన పిల్ల. ఎవరూ చెప్పకుండానే తనకు తానే రూలు పెట్టుకుంది.

రసజ్ఞ మా పిల్ల క్లాసే. ఇద్దరూ ఒకే బెంచీ.

జూన్ 24, మంగళవారం

తప్పు నాదే. రెండు జడలు వేయమంది, రబ్బరు బ్యాండు తెగింది. మేం మలుపు తిరిగేసరికి బస్సు కదులుతోంది. చేయి ఊపాను. అద్దంలో మమ్మల్ని చూశాడు. నేను చూశాను ఆయన చూడటం. ఆగలేదు.

ఆటోలో తీసుకెళ్ళాను.

ఇంటికి వచ్చాక అడిగితే, "స్టాపుకు రెండు నిమిషాలని రూల్ పెట్టిన్రు. మూడో నిమిషం ఆగితే అవుతల స్టాపుల పిల్లలు ఎండల నిలవడ్తరు. ఎవ్వల బిడ్డకు ఆగను. నా బిడ్డకు ఆగితే ఇంకోల్లకు ఆగనని ఎట్ల జెప్త?" అన్నాడు.

నిజమే. మంచి డ్రైవరు. ఏడేళ్ళలో ఒక్క గీత పడలేదు ఆయన బండికి.

జూన్ 25, బుధవారం

నాకేం కోపం లేదు.

జూలై 1, మంగళవారం

నన్ను ఒక గ్రూపులో చేర్చారు. ఒకటో తరగతి డి సెక్షను తల్లుల గ్రూపు. ఆయన పాత ఫోను నాకిచ్చాడు కదా, ఆ నంబరు ఇచ్చాం బడిలో. పొద్దున్నుంచి టింగు టింగుమంటూనే ఉంది. అంతా ఇంగ్లీషే. నా పేరు అందులో కృష్ణప్రియ మామ్.

"నేనేం రాయాలి దీంట్ల?" అని ఆయన్ని అడిగాను.

"ఏం రాయకు. ఏదొచ్చినా బొటనవేలు బొమ్మ పెట్టు. సరే అన్నట్టు. ఎవ్వలేమనరు."

ఇలాగైతే నాకూ వచ్చు. రంగుల పెన్సిళ్ళు పంపమన్నా వేలు. రేపు సెలవన్నా వేలు. ఎవరికో పుట్టినరోజంటే వేలూ, కేకు బొమ్మా. మొత్తం ముప్ఫై మందిమి. అందరితో సమానంగా నేనూ ఉన్నాను అందులో. బాగానే ఉంది.

జూలై 5, శనివారం

ఈరోజు బడికి తల్లిదండ్రులను పిలిచారు. పెళ్ళికి కొన్న నీలం చీర కట్టుకున్నాను. ఆయనకు డ్యూటీ. వచ్చే కార్లను నిలబెట్టించే పని డ్రైవర్లకు పెట్టారు. నోట్లో ఈల, చేతిలో ఎర్ర జెండా.

మేం గేట్లోంచి వస్తుంటే ఎదురొచ్చి, ఈల తీసి, "మేడం, నడిచేటోళ్ళు ఇటు" అన్నాడు. నాతో! ముందూ వెనకా కార్ల వాళ్ళున్నారు. "థాంక్స్ అండి" అన్నాను నేను. ఎలా వచ్చిందో నోటికి. ఇంటికొచ్చాక అది తల్చుకుని ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. "అండి అంట! కోస్త మేడం అయినవే నువ్వు" అన్నాడు. పిల్ల నవ్వలేదు. హోంవర్కు చేసుకుంటోంది.

వరండాలో రసజ్ఞ వాళ్ళమ్మ పలకరించింది. నీహారిక అని పేరు. రాజమండ్రి వైపు వాళ్ళు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. చాలా మంచిది, గబగబా మాట్లాడుతుంది.

"మీరేనా ప్రియ వాళ్ళమ్మగారు! ఎంత చిన్నగా ఉన్నారండీ! మా రసజ్ఞకి పొద్దస్తమానం ప్రియ జపమేనండీ. మీ వారేం చేస్తుంటారు?"

"ట్రాన్స్‌పోర్టులండి" అన్నాను.

"ఓ, లాజిస్టిక్సా! మా తమ్ముడు రవికిరణ్ కూడా అందులోనేనండీ. బాగా తిరగాల్సొస్తుంది పాపం."

"ఆఁ" అన్నాను. తిరగడమే కదా ఆయన పని. అబద్ధం కాదు.

తర్వాత క్లాసు మిస్ పిలిచింది. పిల్ల బాగా చదువుతోందట. బొమ్మలు బాగా వేస్తోందట. ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. లేవబోతుంటే అడిగింది. "ఫాదర్ ఎప్పుడొస్తారు ఊరి నుంచి? వస్తే ఒకసారి కలవమనండి."

ఏ ఊరి నుంచి అన్నట్టు చూశాను.

"క్లాసులో ఫ్యామిలీ బొమ్మ వేయమంటే మిమ్మల్నీ తననీ వేసింది. డాడీ ఏరంటే ఊర్లో లేరంది. దుబాయా?"

కిటికీలోంచి కింద ఈల వినిపిస్తోంది. "వస్తరండి" అన్నాను.

జూలై 6, ఆదివారం

చికెన్ వండాను. ముగ్గురం చెరువు కట్ట దాకా నడిచొచ్చాం. పిల్ల వాళ్ళ బాపు భుజాలమీదెక్కింది.

మిస్ అన్న మాట ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సినంతది ఏముంది? చిన్నపిల్లలు ఏవో అంటుంటారు.

జూలై 8, మంగళవారం

ఫ్యామిలీ బొమ్మ బ్యాగులో దొరికింది. నాకు నీలం చీర వేసింది. చీర అంచు కూడా వేసింది. నా పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగా ఉంది. అక్కడ ఒక పువ్వు వేసింది.

జూలై 11, శుక్రవారం

ముసురు. మేజోళ్ళు ఆరడం లేదు. ఫ్యాను కింద కుర్చీ మీద వేశాను. మిరపకాయ బజ్జీలు.

జూలై 16, బుధవారం

గ్రూపులో ఈరోజు జాతర. ఎన్ని మెసేజిలో! నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను, చేతులకు పిండి. చిటికెన వేలితో ఒక్కోదానికీ బొటనవేలు పెట్టుకుంటూ పోయాను. అన్నీ ఒకదాని వెంట ఒకటి. రొట్టె మాడింది.

రసజ్ఞకు మళ్ళీ బస్సు తప్పిందట. వారంలో ఇది రెండోసారి అని పిల్ల చెప్పింది.

జూలై 17, గురువారం

ఎలా రాయాలో తెలియడం లేదు.

పన్నెండింటికే ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రాడు ఆ వేళకు. జేబులోంచి ఒక మడత కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఫోనులోని గ్రూపును ఫొటో తీసి ఎవరో అచ్చు వేయించినది. పైన ఇంగ్లీషులో నాలుగు లైన్లు. కింద వరసగా పేర్లు, పేరు పేరుకూ ఒక వేలు.

"సదువు" అన్నాడు.

"నాకొస్తదా ఇది?"

"మా బస్సుల ఇన్‌చార్జి కామేశ్వరరావు సార్‌తోని సదివిపిచ్చుకున్న. బస్సు ఏడు డ్రైవరు మొండోడు. రెండు నిమిషాలు గూడ ఆగకుంట పసిపిల్లలను ఇడిసి పోతున్నడు. ఫోన్ జేస్తె ఎత్తడు. ఈన్ని తీసెయ్యాలె. ఒప్పుకునేటోళ్ళు ఏలు పెట్టున్రి. ఇగో, పందొమ్మిది మంది ఏలు పెట్టిన్రు."

పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి పదకొండో పేరు మీద వేలు ఆపాడు. కృష్ణప్రియ మామ్.

కాగితం దగ్గరికి లాక్కుని చూశాను. ఆయనేమో నవ్వడం మొదలుపెట్టాడు. మంచం మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.

"నువ్వు గూడ పెట్టినవానే! సార్ అడిగిండు, 'ఏమయ్యా తిరుపతీ, మీ ఇంట్లో కూడా నీమీద కంప్లయింటేనా' అని. ఏం జెప్పాలె నేను? మొగుణ్ణి తీసెయ్యమని పెండ్లమే ఏలెత్తె!"

"నువ్వే కదా ఏదొచ్చినా పెట్టుమన్నవ్" అన్నాను. ఏడుపొచ్చింది.

నవ్వాగింది. కాగితాన్ని మళ్ళీ అదే మడతల మీద మడిచాడు. బోనాల సెలవులయ్యాక మంగళవారం పెద్ద మేడం తేలుస్తుందట. తీసేస్తే ఇంకో బడిలో డ్రైవరు పని దొరుకుతుంది, దానికేం ఫికర్ లేదంటాడు. కానీ ఈ బడిలో ఆయన స్టాఫు కాకపోతే పిల్లకు సగం ఫీజు ఉండదు. పూర్తి ఫీజు మా వల్ల కాదు. పిల్ల ఆ బెంచీ మీద ఉండదు.

"ఆ ఏలు తీసేస్త" అన్నాను. "దాని మీదే వత్తితే పోతదంట."

"అద్దు. ఇప్పుడు తీస్తే ఎందుకు తీసినవని అడుగుతరు. ఎవ్వలని జెప్తవ్ నన్ను?"

టీ తాగకుండానే సాయంత్రం ట్రిప్పుకు వెళ్ళాడు.

జూలై 18, శుక్రవారం

పొద్దున వాళ్ళిద్దరూ వెళ్ళాక బట్టలు తడపలేదు, టీ పెట్టుకోలేదు. ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను.

రాయడానికి నాకు ఇంగ్లీషు రాదు. మా అమ్మకు మాట పంపినట్టు మైకు నొక్కి మాట పంపొచ్చు. ముప్ఫై మంది వింటారు. పదిమంది ముందు నీళ్ళు కూడా అడగలేను నేను. మొదటిసారి నొక్కితే దగ్గొచ్చింది. రెండోసారి పక్కింట్లో మిక్సీ మోగింది. మూడోసారి అంతా చెప్పి, పంపకుండా చెరిపేశాను. నాలుగోసారి తలుపు గడియపెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని చెప్పాను. ఏం చెప్పానో గుర్తున్నంత వరకు రాసుకుంటాను.

"నమస్తే అందరికి. నేను కృష్ణప్రియ వాళ్ళ అమ్మను, భూలక్ష్మి. నాకు ఇంగ్లీష్ రాదు. సదవరాకనే అన్నిటికి ఏలు పెడుతున్న. మొన్న బస్సు డ్రైవర్‌ను తీసెయ్యాలన్నదానికి గూడ పెట్టిన. తప్పయింది. ఏడో నంబరు బస్సు నడిపేది మా ఆయన. ఆయన పేరు తిరుపతి. బండి నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు, మా అమ్మ సచ్చిపోయిందన్నా ఎత్తడు. రెండు నిమిషాలకన్న ఎక్కువ ఆగడు. పోయిన నెల నా బిడ్డ ఉరికొస్తుంటె అద్దంల జూసి గూడ ఇడిసిపెట్టి పోయిండు. నేను గూడ మనసుల తిట్టుకున్న. ఆయన తప్పుంటె మీరు చెప్పున్రి, నేను కాదనను. ఇంకొకటి. మా బిడ్డ క్లాసుల వాళ్ళ బాపు ఊర్ల లేడని చెప్పిందంట. ఉన్నడు. రోజు మీ పిల్లలను తోల్కపోయి తోల్కొస్తున్నడు. మేమే చెప్పనియ్యలేదు పిల్లను. గది గూడ మా తప్పే."

పంపేశాను.

పక్కన రెండు టిక్కులు పడ్డాయి. నీలంగా మారాయి. ఎవరూ ఏమీ రాయలేదు. ఒక గంట. గ్రూపు అంత మౌనంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. బట్టలు ఉతికాను. వచ్చి చూశాను. ఏమీ లేదు. ఒకామె ఏదో పెన్సిల్ బాక్సు పోయిందని పెట్టింది. దానికి వేలు పెట్టబోయి ఆగాను.

సాయంత్రం ఆయనకు వినిపించాను. గోడకు చేరబడి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఊర్ల లేనన్నదా?" అన్నాడు.

పిల్ల వంటింట్లో బాక్సు కడుగుతోంది.

"చిన్నపిల్ల. ఆడ ఏమనాల్నో తెల్వక అన్నది."

"నేనే నేర్పిన గదా" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

జూలై 19, శనివారం

నీహారిక ఫోన్ చేసింది. ఎత్తాలా వద్దా అనుకుంటుండగానే ఆగిపోయింది. మళ్ళీ చేసింది.

"అయ్యో భూలక్ష్మిగారూ, ఆ మెసేజి పెట్టింది నేనేనండీ. నాకేం తెలుసు? లాజిస్టిక్స్ అన్నారు కదా మీరు!"

"మీరన్నరండి. నేను ఆఁ అన్న."

అవతల నవ్వింది. నాకూ కొంచెం నవ్వొచ్చింది.

"నామీద కోపం పెట్టుకోకండి. మాది పద్నాలుగో అంతస్తండీ. లిఫ్టు వచ్చేసరికే దేవుడు కనిపిస్తాడు. మా టవరు నుంచి గేటుకి నడకే ఆరు నిమిషాలు. ఏడున్నరకి నాకు మీటింగు. పిల్లని ఒక చేత్తో, లాప్‌టాప్ ఒక చేత్తో... బస్సు వెనక భాగం కనిపించేసరికి ఏడుపొచ్చేసిందండీ. ఆ కోపంలో పెట్టేశాను. ఇప్పుడే వెనక్కి తీసుకుంటాను. కామేశ్వరరావుగారికి కూడా ఫోన్ చేస్తాను."

"సరేనండి."

"ఒక్క మాట చెప్పండి మీవారికి. రెండు నిమిషాలు కాదు, ఒక్క మూడు..."

"ఆగడండి" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"ఆగరా?"

"మీరు ఆరూ యాభైకి లిఫ్టు నొక్కున్రి. అందుతది."

ఇంత పెద్ద ఉద్యోగస్తురాలికి నేను టైము చెప్పాను! ఆవిడ మాత్రం "సరేనండీ, ట్రై చేస్తాను" అంది.

సాయంత్రానికి ఆ మెసేజి గ్రూపులో లేదు. కానీ పెద్ద మేడం దగ్గర కాగితం ఉండనే ఉంది కదా. ఇంకో ఆరుగురు అది సరైనదేనని కింద మళ్ళీ రాశారట. వాళ్ళలో నలుగురి పిల్లలు ఏడో నంబరు బస్సే ఎక్కరు.

జూలై 20, ఆదివారం

బోనం ఎత్తాను. అమ్మవారికి అన్నీ చెప్పుకోవాలనుకుని ఏమీ చెప్పుకోలేదు. పిల్ల కొత్త గాగ్రాలో ముద్దుగా ఉంది. ఆయన డప్పుల ముందు ఎగిరాడు, ఏటా ఎగిరినట్టే. రేపు కూడా సెలవు.

జూలై 21, సోమవారం

పిల్లను కూర్చోబెట్టుకుని చెప్పాను. "రేపటి నుంచి నీ ఇష్టం. బస్సుల బాపును ఏమని పిలుస్తవో నీ ఇష్టం."

"అందరికి తెలుసా?"

"తెలుసు."

"రసజ్ఞకు గూడనా?"

"ఆమెకు గూడ."

చాలాసేపు బొమ్మకు జడ వేసింది. "నేను రేపు బడికి పోను, నాకు కడుపునొప్పి" అంది.

నేను తప్పు చేశానా? ఆయన కట్టిన గోడను పిల్లకు చెప్పకుండా నేను పడగొట్టాను. ఎండ పడుతుందో వాన పడుతుందో చూడకుండా.

జూలై 22, మంగళవారం

కడుపునొప్పి నిజమో కాదో, జడలు వేసి నిలబెట్టాను. బస్సెక్కేటప్పుడు అంకుల్ అనలేదు, బాపు అనలేదు. ఉత్త "గుడ్ మార్నింగ్" అని గబగబా వెనక సీటుకు పోయింది. ఆయన "గుడ్ మార్నింగ్ బేటా" అన్నాడు. నేను నవ్వలేదు.

పగలంతా ఒక్క పనీ సరిగా చేయలేదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.

మూడింటికి ఆయన ఫోన్. "ఉన్న. తీసెయ్యలే. రూల్ ప్రకారమే ఉన్నడు గదా, ఏం తప్పని కామేశ్వరరావు సార్ గట్టిగ మాట్లాడిండంట. పెద్ద మేడం పిలిచి, 'పేరెంట్స్‌తో జర మంచిగ మాట్లాడు తిరుపతీ' అన్నది. నేను మాట్లాడనే మాట్లాడ గదా మేడం అన్న. గదే మాట్లాడమంటున్న అన్నది." అంతే, పెట్టేశాడు. ట్రిప్పు టైము.

కుర్చీలో కూర్చుండిపోయాను. మంచినీళ్ళు తాగాను. ఇంకో గ్లాసు తాగాను.

సాయంత్రం నేనే మలుపు దగ్గరికి వెళ్ళాను. బస్సు వచ్చింది. పిల్ల దిగింది, మూతి ముడుచుకుని, ముక్కు ఎర్రగా. నాతో మాట్లాడకుండా ముందు నడిచింది. లక్ష్మమ్మ మెట్టు మీదే నిలబడి, చేయి నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగుతోంది.

"ఏమైందమ్మా?"

"ఏమైతది! పొద్దుగాల్ల రసజ్ఞ ఎక్కింది. ఇయ్యాల అందరికన్న ముందే గేటు కాడున్నది. ఎక్కుడెక్కుడే 'గుడ్ మార్నింగ్ బాపూ' అన్నది తిరుపతిని! వాళ్ళ అమ్మ చెప్పిందో, తానే అనుకున్నదో. బాపు అంటే నాయన అని తెల్వది పోరికి, డ్రైవర్ అసలు పేరు అదే అనుకున్నది. ఎనక ఎక్కినోళ్ళందరు ఇన్నరు. గుడ్ మార్నింగ్ బాపు, గుడ్ మార్నింగ్ బాపు. బస్సంత బాపే! తిరుపతి స్టీరింగ్ పట్టుకొని బొమ్మ లెక్క కూసున్నడు."

"మరి ప్రియ?"

"ఎనక సీట్ల ముడుసుకొని కూసున్నది పొద్దుగాల. ఒక్క మాట లేదు. నాకే భయమైంది. సాయంత్రం మళ్ళ ఎక్కుతున్నరు. మళ్ళ బాపు, బాపు. రసజ్ఞ బాటిల్ తెచ్చి 'బాపూ, మూత తియ్యి' అన్నది. ఇగ లేచింది సూడు నీ బిడ్డ! రెండు చేతులు నడుముకు వెట్టి, బస్సు నడిమిట్ల నిలవడి, 'ఆయన మీకు బాపు గాదు! మీరందరు అంకుల్ అనాలె. నాకొక్కదానికే బాపు. నాకొక్కదానికే!' అని ఒకటే ఒర్రుడు. గా రసజ్ఞ ఏడుపు మొకంతోని 'సారీ అంకుల్' అన్నది. అప్పుడు నీ బిడ్డ ఆ బాటిల్ గుంజుకొని, ముందుకు వొయ్యి, 'బాపూ, నా ఫ్రెండ్ బాటిల్ మూత తియ్యవా' అని ఇచ్చింది. అందరి ముంగట!"

ఇంటికొచ్చి పిల్ల బూట్లు విప్పి, ముఖం కడిగాను. "వాళ్ళెందుకమ్మా మా బాపును బాపు అంటరు?" అని ఇంకా కోపంగానే ఉంది. రెండు రొట్టెలు తిని నిద్రపోయింది.

ఆయన బస్సు పెట్టి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. పప్పులో ఉప్పెక్కువైందని అనలేదు.

"లక్ష్మమ్మ ఏమన్న జెప్పిందా?" అన్నాడు.

చెప్పాను. మొత్తం చెప్పాను. తలవంచుకుని తింటూ విన్నాడు.

"ఒర్రినప్పుడు ఏమన్నదంట?"

"నాకొక్కదానికే బాపు అన్నదంట."

ఇంకో రొట్టె వేశాను. ఒక ముక్క తుంచాడు. తినలేదు.

"ఏమన్నదంట?"

ఆయన ఆ బస్సులోనే ఉన్నాడు. ముందు సీట్లోనే ఉన్నాడు. ఆ బాటిల్ మూత తీసింది ఆయనే. అయినా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.